పదకొండు

పేపరువాళ్లు మా నియోజకవర్గాన్ని కంచుకోట అంటారు.
నలభై రెండేళ్లుగా ఆ కోట వాకిట కూర్చున్నదాన్ని,
నేను కంచూ చూళ్లేదు, కోటా చూళ్లేదు.
మెథడిస్ట్ చర్చి నేలమాళిగలో రెండు మడత బల్లలు,
మూత సరిగా పట్టని కాఫీ కెటిల్,
నిరుటి క్రిస్మస్ నాటకంలో మిగిలిన అట్ట నక్షత్రం,
ఓటర్ల జాబితాలో వరస తప్పకుండా
పేరు కింద పెట్టుకునే నా చెక్క స్కేలు.

మా అమ్మ కాలానికి కార్బెట్ హేలీ.
ముప్ఫై నాలుగేళ్లు ఆయనే.
డ్యామ్ కట్టించాడు, కొండ మీదికి రోడ్డు వేయించాడు,
బొగ్గు తిన్న ఊపిరితిత్తులకు పెన్షన్ మంజూరైందని
సొంత చేత్తో సంతకం పెట్టి నాన్నకి ఉత్తరం పంపాడు.
అది నాన్న పోయిన వారానికి అందింది.
అమ్మ దానికి ఫ్రేము కట్టించింది.
హేలీ చచ్చిపోయిన పద్దెనిమిదో రోజున కూడా గెలిచాడు.
బ్యాలెట్ మీద పేరు తీసే వ్యవధి లేదన్నారు.
ఉంటే మాత్రం, తీసే చెయ్యి ఎవరిది?

ఆయన తర్వాత మేనల్లుడు,
మేనల్లుడి తర్వాత, మేనల్లుడికి ఉపన్యాసాలు రాసిపెట్టిన కుర్రాడు.
అప్పుడు గని మూతపడింది.
రెండే రెండు ఎన్నికల్లో ఊరు ఊరంతా
గాడిద దిగి ఏనుగెక్కింది.
బంపర్ మీది పాత స్టిక్కర్ గీకే ఓపిక లేక
దాని మీదే కొత్తది అంటించుకున్నారు.
ఇప్పుడైనా పోటీ అంటే ఏమిటో చూస్తాననుకున్నాను.
తాళం మారింది.
తలుపు ఎప్పట్లాగే వేసే ఉంది.

పదేళ్లకోసారి రాజధాని నుంచి కొత్త పటం వస్తుంది.
ఒకప్పుడు మేం బూటులా ఉండేవాళ్లం.
ఇప్పటి పటం చూసి మా మనవరాలు
"ఎవరో కాఫీ ఒలకబోశారు" అంది.
నది అవతల అద్దకం మిల్లు వీధులు,
నల్లవాళ్ల చర్చిలు రెండూ గీత దాటి వెళ్లిపోయాయి.
పాస్టర్ టర్లీ ఇంటి వరండా ఇటు, వంటిల్లు అటు పడ్డాయట.
"కూర్చోవడం ఒకరి కింద, తినడం ఇంకొకరి కింద" అని నవ్వేవాడాయన.
మేమూ నవ్వాం. ఆ తర్వాత ఆయన్ని
ఓటు వరసలో నేను చూడలేదు.

మా పెట్టెలో ఓడేవాడికి ఎప్పుడూ పదకొండు.
ఊరు ఏనుగెక్కినా ఎక్కనివాళ్లు.
పదకొండు మందీ ఎవరో నాకు తెలుసు.
తెలియకూడదనుకోండి. కానీ ఇంత చిన్న చోట
రహస్య ఓటంటే అటు తిరిగి నిలబడ్డమే.
డెల్ఫా మల్లిన్స్ వాళ్లలో పెద్ద.
స్కూలు బస్సు నడిపేది.
ఎవరూ నిలబడకపోతే తనే నిలబడేది, నాలుగుసార్లు,
కేకులమ్మిన డబ్బుతో పోస్టర్లు వేయించుకుని.
"బ్యాలెట్ మీద ఒక్క పేరే ఉంటే
అది ఓటు కాదే, హాజరు" అనేది.
తొమ్మిదయ్యారు. ఏడయ్యారు. నాలుగు.
సమాధుల తోటలో ఓ చుట్టు తిరిగొస్తే చాలు,
ఫలితం ముందే చెప్పేయగలిగేదాన్ని.

డెల్ఫా ఆగస్టులో పోయింది.
అంటే ఈ నవంబరులో మూడుండాలి.

తొమ్మిది వచ్చాయి.

మళ్లీ లెక్కపెట్టాం. మళ్లీ.
కళ్లజోడు తుడుచుకుని మళ్లీ. తొమ్మిదే.
పక్క బల్ల దగ్గర హర్షెల్ నా మొహంలోకి చూశాడు,
నేను కెటిల్ మూత సర్దాను.
మర్నాడు పేపర్లో
కంచుకోట చెక్కుచెదరలేదని రాశారు.
నిజమే. నూటికి డెబ్బై ఒకటి ఆయనకే.

కొత్తగా వచ్చినవి ఆరు.
అందులో ఒకటెవరిదో నాకు తెలుసు.
ఆ రోజు పొద్దున్నే, తలుపులు తీసిన వెంటనే,
నా పేరు కింద నేనే స్కేలు పెట్టుకుని
సంతకం చేస్తుంటే వేళ్లు చల్లబడ్డాయి.

మిగిలిన అయిదు?

సాయంత్రం పాలకోసం కొట్టుకెళ్లాను.
వరసలో నాకు ముందు ముగ్గురు, వెనక ఇద్దరు.
ఎవరూ ఏమీ అనలేదు.
వర్షం వచ్చేలా ఉందని
ఎవరో అన్నారు, అంతే.